48 స్క్రూలు

అటక మీది పెట్టె దించుదామని నేననుకోలేదు. అన్నయ్య కూతురు పట్టుబట్టింది. ఐదేళ్ళ పిల్ల, పైన ఏదో ఉందని తెలిస్తే అది చూసేదాకా నిద్రపోదు. అట్టపెట్టె మీద నాన్న చేతిరాత: "పనికొచ్చేవి". మా ఇంట్లో సగం పెట్టెల మీద ఇదే మాట ఉంటుంది కాబట్టి తెరిస్తే తప్ప లోపల ఏముందో తెలీదు. పైన ఒక పాత చార్జరు, చిక్కుపడ్డ వైర్లు, వాటి కింద దుప్పటి ముక్కలో చుట్టిన రెండు బళ్ళు. ఒకటి నాన్నదీ అన్నయ్యదీ. రెండోది అమ్మదీ నాదీ.

"అత్తా, ఇది ఎంత స్పీడు పోతుంది?"

"నువ్వు నడిచినంత కూడా పోదు."

దాని మొహం చూడాలి. బండన్నాక దూసుకుపోవాలి కదా. ఆ వయసులో నన్నడిగినా అదే చెప్పేదాన్ని.

ఇవి రాక్ క్రాలర్లు. రిమోట్‌తో నడిచే జీపుల్లాంటివే, కాకపోతే పరిగెత్తడానికి కాదు, రాళ్ళెక్కడానికి. అసలు జీపులో పదో వంతు సైజు. ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య 313 మిల్లీమీటర్లు. మా బళ్ళలో మోటారు దాదాపు 50 చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. అందుకే అంత నెమ్మది. అందుకే తనకన్నా ఎత్తైన రాయిని కూడా బల్లి గోడెక్కినట్టు పాక్కుంటూ ఎక్కేస్తుంది.

మా ఇంట్లో ఈ పిచ్చి 2012 వేసవిలో మొదలైంది. కారణం అన్నయ్య బగ్గీ. వాడి దగ్గర ఒక స్పీడు బండి ఉండేది. నెలకోసారి గోడకి గుద్దడం, ఏదో ఒక ముక్క విరగడం, నాన్న దాన్ని అతికించడం. మూడోసారి ముందు సస్పెన్షన్ చెయ్యి విరిగి వచ్చినప్పుడు నాన్న ఆ ముక్కని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "గోడకి గుద్దినా ఏం కాని బండి ఒకటి చేద్దాం" అన్నాడు. అన్నయ్య ఏదో కొత్త బండి కొంటారని సంబరపడ్డాడు. కొన్నది బండి కాదు. ఒక జత యాక్సిల్స్, ఒక గేర్‌బాక్సు, ఒక మోటారు. మిగతాదంతా ఇంట్లోనే చేస్తామన్నమాట.

నాన్నకి యంత్రాలు తెలుసు గానీ ఈ ఆట కొత్త. అందుకని మొదటి రోజే అన్నయ్యకీ ఆయనకీ డిఫరెన్షియల్ దగ్గర గొడవ. మామూలు బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగాలి. డిఫరెన్షియల్ చేసేది ఆ పనే. కానీ రాళ్ళ మీద ఒక చక్రం గాల్లోకి లేస్తే అదే శత్రువవుతుంది. శక్తంతా ఏ అడ్డూ లేని ఆ గాల్లో చక్రానికే పోయి అది గిర్రున తిరుగుతుంది, రాయిని పట్టుకున్న చక్రం కదలదు. కాబట్టి దాన్ని బిగించెయ్యాలి, రెండు చక్రాలూ ఒక్కటిగా తిరగాలి. "అంటే మంచి పార్టుని కావాలని పాడు చెయ్యడమా?" అని నాన్న. "నాన్నా, అందరూ అలాగే చేస్తారు" అని అన్నయ్య. అందరూ చేస్తారన్న మాట నాన్న దగ్గర ఎప్పుడూ పనిచెయ్యదు. యాక్సిల్ విప్పి, ఒక చక్రాన్ని చేత్తో పైకెత్తి, రెండోదాన్ని నేలకి ఆనించి, తనే తిప్పి చూసుకున్నాడు. పదిసార్లు చూసుకున్నాక ఎపాక్సీ జిగురు తెమ్మన్నాడు.

యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే లింకులు నాన్నే చేశాడు. ఎం4 థ్రెడ్ రాడ్డుని పొడవు ప్రకారం కొయ్యడం, దాని మీద అల్యూమినియం గొట్టం తొడగడం, రెండు కొసలకీ రాడ్ ఎండ్లు, అంటే అటూ ఇటూ కదిలే కీళ్ళు, బిగించడం. చెప్తే ఇంతే. కానీ ఎడమ లింకుకీ కుడి లింకుకీ అర మిల్లీమీటరు తేడా వచ్చినా యాక్సిల్ వంకరగా కూర్చుంటుంది. రాత్రి భోజనాలయ్యాక వైస్‌లో రాడ్డు బిగించి, ఆకురాయితో కొస రుద్ది, వెర్నియర్ పెట్టి చూసి, మళ్ళీ రుద్ది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. రాడ్డు కోసిన చోట మొదటి మర కొంచెం నలిగిపోతుంది, నట్టు ఎక్కదు. అందుకని కొయ్యక ముందే రెండు నట్లు ఎక్కించి పెట్టుకునేవాడు. కోసిన తర్వాత వాటిని బయటికి తిప్పితే నలిగిన మర అదే సర్దుకుంటుంది. ఇది ఆయన మాకెవరికీ చెప్పలేదు. నేను చూసి నేర్చుకున్నాను.

నా ఉద్యోగం వేరే. చక్రాలు. నాకు పద్నాలుగేళ్ళు, వేళ్ళు సన్నగా ఉండేవి. ఈ బళ్ళలో టైరుని చక్రానికి జిగురుతో అంటించరు, బీడ్‌లాక్ అని ఒక రింగు పెట్టి స్క్రూలతో నొక్కుతారు. మా చక్రాలకి లోపలి వైపు ఆరు, బయటి వైపు ఆరు. నాలుగు చక్రాలకి 48. రెండు మిల్లీమీటర్ల స్క్రూలు, మినప్పప్పు గింజంత తల, కింద పడితే చాప కిందే దొరుకుతాయి. ఒకటి బిగించాక పక్కది కాదు, ఎదురుగా ఉన్నది బిగించాలి. లేకపోతే రింగు ఒక వైపు కూర్చుని ఇంకోవైపు లేస్తుంది, టైరు అక్కడ జారిపోతుంది. నాన్నకి ఈ పనంటే ప్రాణం మీదికొచ్చేది. అంత ఓపికతో లింకులు రుద్దే మనిషి ఈ చిన్న స్క్రూల దగ్గరకొచ్చేసరికి మూడో స్క్రూకే విసుక్కునేవాడు. "అమ్మడూ, ఇది నీ డిపార్ట్‌మెంటు" అని చక్రం నా ఒళ్ళో పడేసేవాడు. టైరు లోపల స్పాంజి మార్చాలంటే మళ్ళీ అన్నీ విప్పాలి. ఆ వేసవిలో ఎన్నిసార్లు మార్చామో లెక్కలేదు. స్పాంజి గట్టిగా ఉంటే టైరు రాయి మీద బంతిలా జారుతుంది, మెత్తగా ఉంటే బండి బరువుకి చదునైపోతుంది. పక్కలకి కొంచెం కోస్తే టైరు రాయి చుట్టూ వేళ్ళు ముడిచినట్టు మడుచుకుంటుంది. ఆ కొంచెం ఎంతో ఎవరూ చెప్పలేరు.

మొదటి బండి పూర్తయ్యిందన్న రోజు అందరం పెరట్లో చేరాం. అన్నయ్య రిమోట్ పట్టుకున్నాడు. బండి మొదటి రాయి మీద కాలు పెట్టింది, స్టీరింగ్ తిప్పాడు, అంతే, చచ్చిపోయింది. రెండు సెకన్లాగి మళ్ళీ బతికింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ చావు. అన్నయ్య రిమోట్ పాడైందన్నాడు, నాన్న వైరు లూజన్నాడు. రెండు రోజులు వైర్లన్నీ విప్పి కట్టారు. అసలు సంగతేంటంటే, చక్రం రాయికి ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిప్పే సర్వో బలమంతా పెట్టి తోస్తుంది, కరెంటు విపరీతంగా లాగేస్తుంది. దానికి కరెంటిచ్చే స్పీడ్ కంట్రోలర్ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది. అదే వోల్టేజీ మీద బతికే రిసీవరు, రిమోట్ మాట వినేది, ఆరిపోయి మళ్ళీ మొదలవుతుంది. సర్వోకి విడిగా ఒక చిన్న రెగ్యులేటర్ పెట్టి ఆరు వోల్టులు ఇచ్చాక జబ్బు పోయింది. గాల్లో పట్టుకుని పరీక్షించినప్పుడల్లా బ్రహ్మాండంగా తిరిగింది మరి. రాయి తగిలితే గానీ బయటపడని జబ్బు.

ఇంత జరుగుతున్నా అమ్మ ఇందులోకి రాలేదు. నట్లు చాప మీద పొయ్యొద్దని, సోల్డరింగ్ పొగ లోపలికి రానివ్వద్దని అనడం తప్ప. ఆమె వచ్చింది బాడీ దగ్గర.

పైన కప్పే బాడీ పారదర్శకమైన పాలీకార్బొనేట్ రేకు. దానికి రంగు బయట కాదు, లోపలి వైపు వెయ్యాలి. రాళ్ళకి రాసుకున్నా రంగు గీకుకుపోదు. అన్నయ్య ఈ మాట వినకుండా మొదటి బాడీకి బయటే వేశాడు, వారానికల్లా కుక్క బరికినట్టయ్యింది. రెండోది అమ్మ తీసుకుంది. లోపల వేసేటప్పుడు అంతా తలకిందులు. మామూలుగా చివర వేసే గీతలు, అంచులు ముందు వెయ్యాలి. ముందు వేసిందే బయటికి కనపడుతుంది. తర్వాత అసలు రంగు, దాని వెనక తెలుపు, లేకపోతే రంగు పలచగా వెలిసినట్టుంటుంది. చేతుల జిడ్డు పోవాలని ముందు గిన్నెల సబ్బుతో కడిగింది. కిటికీ అద్దాల మీద టేపు అతికించి, బ్లేడుతో అంచులు కోసి, నాలుగు పలచటి పూతలు, ఒక్కో పూత మధ్య అరగంట. ముదురు ఆకుపచ్చ, తలుపుల మీద సన్నటి పసుపు గీత. చివర్న బయటి రక్షణ పొర లాగేసినప్పుడు రంగు గాజు వెనక నీళ్ళలా మెరిసింది. నాన్న నోట మాట రాలేదు. అన్నయ్య మాత్రం "అమ్మా, దీన్ని రాళ్ళ మీద ఎలా తిప్పుతాం" అన్నాడు.

తిప్పనే లేదు. ఆ రాత్రే నాన్న దానికి బంపర్లు, పక్క మెట్లు బిగించాడు. క్రాలర్లో స్క్రూలు వాటంతటవే ఊడిపోతుంటాయి కదా, ఊడకుండా థ్రెడ్ లాకర్ అని నీలం రంగు ద్రవం ఒక చుక్క వేస్తారు. లోహానికి లోహం బిగించే చోట అది దేవుడిచ్చిన వరం. ప్లాస్టిక్కుకి విషం. నాన్నకి మొదటి సగమే తెలుసు. ప్రతి స్క్రూకీ ఉదారంగా ఒక చుక్క వేసి పడుకున్నాడు. పొద్దున లేచేసరికి ప్రతి రంధ్రం చుట్టూ సాలెగూడులా పగుళ్ళు. ముట్టుకుంటే ముక్క చేతిలోకి వచ్చింది. పసుపు గీత మధ్యలోంచి పగిలింది.

అమ్మ ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేది. పగిలిన బాడీని తీసి కిటికీ గట్టు మీద పెట్టింది, అంతే. రెండు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. నాన్న ఆ నీలం సీసాని తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ఇక మీదట ఇది నేను తప్ప ఎవ్వరూ ముట్టుకోకూడదు" అని మా ఇద్దరికీ వార్నింగు. తప్పు చేసిన మనిషే వార్నింగ్ ఇవ్వడం ఏంటో అప్పుడు నాకర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేదు. ఆ తర్వాత ఆ సీసా ఇంకొకరి చేతిలో నేను చూడలేదు.

అన్నయ్యకి కొత్త పార్టుల మోజు పెరిగింది. ఒకటి కొంటే ఒకటి పక్కన పడేది. అలా పోగుపడ్డవాటితో ఇంకో బండి అవుతుందని కనిపెట్టింది అమ్మ. "ఈ మిగిలినవన్నీ నాకిచ్చెయ్యండి" అంది ఒకరోజు నాన్నతో. ఏం చేస్తావని నాన్న అడిగితే "మీరేం చేశారో అదే" అంది. అన్నయ్య తీసేసిన 55 టర్న్ మోటారు, మరీ నత్తలా ఉందని. రంగు నచ్చలేదని వాడు వదిలేసిన అల్యూమినియం చక్రాలు. రెండు సెల్లుల 7.4 వోల్టుల బ్యాటరీ, వాడు మూడు సెల్లుల 11.1 వోల్టులకి మారాడు కాబట్టి. బాడీ ఏమిటనుకున్నారు? ఆ పగిలిన ఆకుపచ్చదే. పగుళ్ళున్న అంచులన్నీ కత్తిరించేసి, లోపలి నుంచి ఫైబర్ టేపు వేసి, సగం జీపుని ట్రక్కులా మార్చింది. పసుపు గీత ఒక తలుపు మీదే మిగిలింది.

తమాషా ఏంటంటే అన్నయ్య పనికిరావని తీసేసినవే క్రాలర్‌కి అసలు కావాల్సినవి. మోటారుకి టర్న్‌లు, అంటే లోపలి తీగ చుట్లు, ఎక్కువుంటే వేగం తగ్గుతుంది, నెమ్మదిగా కదిలేటప్పుడు మన వేలి మాట వింటుంది. వాడి బండి మూడు సెల్లుల మీద కుప్పించి ఎగిరేది. ట్రిగ్గర్ నొక్కగానే మోటారు తిప్పే బలానికి బాడీ ఒక పక్కకి ఒరిగి ముందు చక్రం ఒకటి గాల్లోకి లేచేది. స్ప్రింగులు మార్చి, లింకుల కోణాలు మార్చి దాన్ని సరిచెయ్యాలని వాడు పడ్డ పాట్లు రాస్తే ఇంకో కథవుతుంది. అమ్మ బండికి ఆ జబ్బు ఉన్నా, బయటపడేంత వేగం ఎప్పుడూ లేదు.

మా బండికి ముందు చక్రాల్లో బరువు వెయ్యాలని అన్నయ్యే చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నిటారు రాయి ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచిపోయి బండి వెనక్కి బోర్లా పడుతుంది. బరువు ఎంత ముందుకి, ఎంత కిందికి ఉంటే అంత మంచిది. చక్రం లోపలికన్నా కింద ఇంకేముంది? కార్ల టైర్ షాపుల్లో బ్యాలెన్సింగ్‌కి వాడే అతుక్కునే సీసం బిళ్ళలు, ఒక్కోటి ఐదు గ్రాములు. అమ్మ వంటింటి డిజిటల్ త్రాసు తెచ్చి చక్రానికి 60 గ్రాములు తూచింది. నేను చక్రం డ్రమ్ము చుట్టూ వరసగా అతికించాను. ఒక వైపే పోగవుతున్నాయేమో, రెండు వైపులా సమానంగా పంచాలా అని నాన్నని అడిగితే నవ్వాడు. "మనిషి నడకంత వేగం లేని బండికి బ్యాలెన్సింగ్ ఏంటమ్మడూ? ఎక్కడ పెట్టినా ఒకటే."

ఆదివారాలు పోటీ. పెరట్లో రాళ్ళ గుట్ట ఒకటి ఉండేది, అందులో ఒక పెద్ద రాయికి గూని రాయి అని మేమే పేరు పెట్టాం. ముందు చదునుగా మొదలై, మధ్యలో వీపు పైకి లేచి, అవతల ఒక్కసారిగా తెగిపోతుంది. పుల్లలు పాతి గేట్లు పెట్టేవాళ్ళం. బయట పోటీల్లో లెక్కలు చూసి మా సొంత లెక్క ఒకటి రాసుకున్నాం: వెనక్కి తీస్తే ఒక పాయింటు, పుల్ల తగిలితే పది, చేత్తో లేపితే పది. ఎవరికి తక్కువొస్తే వాళ్ళు గెలిచినట్టు. అన్నయ్య ఒక్కోసారి మొదటి గేటు దాటకుండానే 30 తెచ్చుకునేవాడు.

అమ్మ మొదటి నాలుగు వారాలూ ఓడిపోయింది. అన్ని గేట్లూ శుభ్రంగా దాటుతుంది, గూని రాయి వీపు దగ్గరకొచ్చేసరికి ముందు చక్రాలు లేస్తాయి, బండి వెనక్కి పడుతుంది, పది. మళ్ళీ ప్రయత్నం, మళ్ళీ పది. కానీ ఆమె నడిపే పద్ధతి చూడాలి. మేం ముగ్గురం బండిని తోలతాం. ఆమె ఆపుతుంది. ట్రిగ్గర్ వదిలితే బండి ఉన్నచోటే పట్టుకుని నిలబడేలా కంట్రోలర్‌లో డ్రాగ్ బ్రేక్ ఉంటుంది, మేం దాన్ని పల్లం దిగేటప్పుడే వాడేవాళ్ళం. అమ్మ ఎక్కేటప్పుడు కూడా. వేలెడు దూరం కదపడం, ఆపడం. మోకాళ్ళ మీద కూర్చుని ఏ టైరు ఎక్కడ ఆనిందో చూడడం. స్టీరింగ్ వెంట్రుకవాసి తిప్పడం. మళ్ళీ వేలెడు. బండి నిటారుగా రాయికి అతుక్కుని ఉండగా లోపలికెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చిన రోజు కూడా ఉంది. వచ్చేసరికి బండి అక్కడే ఉంది.

ఐదో వారం గూని రాయి ఎక్కేసింది. ముందు చక్రాలు లేచినట్టే లేచి, ఒక్క క్షణం ఆగి, కిందికి దిగి రాయిని కరుచుకున్నాయి. అమ్మ ట్రిగ్గర్ వదిలేసి మా వైపు చూసింది. అవతలి తెగ్గోత కూడా ముక్కు పొడుచుకోకుండా దిగింది. ఆ రోజు సున్నా. తర్వాత ఆ సెలవులయ్యేదాకా ఆమెని ఎవరూ గెలవలేదు. అన్నయ్య అది మోటారు మహిమన్నాడు, తన మోటారు మార్చేసుకున్నాడు, అయినా ఓడాడు. నేను ప్రాక్టీసన్నాను. నాన్న "డ్రైవింగ్‌రా, డ్రైవింగ్. చూసి నేర్చుకోండి" అన్నాడు. ఓడిపోయిన మనిషి అంత హుషారుగా ఉండడం నాకు అప్పుడే వింతగా తోచి ఉండాలి. తోచలేదు.

తర్వాతవి గబగబా జరిగిపోయాయి. చదువులు, అన్నయ్య ఉద్యోగం, పోటీలు నెలకోసారి, తర్వాత ఎప్పుడో ఒకసారి. 2017లో ట్రాక్సస్ కంపెనీ టీఆర్ఎక్స్-4 క్రాలర్ వచ్చినప్పుడు అన్నయ్య ఒకటి కొని పట్టుకొచ్చాడు. చక్రం మధ్యకన్నా పైన ఉండే పోర్టల్ యాక్సిల్స్, రిమోట్ మీద స్విచ్ నొక్కితే బిగుసుకునే డిఫరెన్షియళ్ళు, రెండు గేర్లు. ఎపాక్సీ పోసి మేం జన్మకంతా బిగించేసినదాన్ని అది నడుస్తుండగానే బిగిస్తుంది, వదులుతుంది. నాన్న ఆ స్విచ్‌ని చిన్నపిల్లాడిలా అరగంట నొక్కుతూ కూర్చున్నాడు. అమ్మ ఒకసారి నడిపి "బాగుంది" అని రిమోట్ ఇచ్చేసింది. మళ్ళీ అడగలేదు. అన్నయ్య త్రీడీ ప్రింటర్ మీద మా పాత బండికి మోటారు మౌంటు అచ్చువేసి తెచ్చింది కూడా ఆ రోజుల్లోనే. పీఎల్ఏ ప్లాస్టిక్కు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మోటారు వేడికి ఎంతసేపు? రెండో రౌండుకే మౌంటు వంగి గేర్లు ఒకదాన్నొకటి నమిలేశాయి. ఆ బండి అప్పుడే అటకెక్కింది.

ఇప్పుడు దించితే బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. ఇలాంటి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలని సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలని మా అందరికీ తెలుసు, ఎవరూ చెయ్యలేదు. దాన్ని వేరుగా తీసి పెట్టాను. పిల్లకి ఆకుపచ్చ బండి కావాలి, మేనత్త కదా నేను, బాగుచెయ్యడానికి కూర్చున్నాను. టైర్లు నేలకి ఆనినచోట చదునుపడ్డాయి. నొక్కితే లోపల స్పాంజి పొడిపొడిగా కరకరమంది. అన్నీ మార్చాలి. అంటే 48.

పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, స్క్రూలు వెయ్యడానికి గిన్నె ఇచ్చాను. వెనక చక్రాలు హాయిగా ఊడాయి, వేలితో తిప్పినా తిరిగేంత. నేను బిగించినవి అలాగే ఉంటాయి. ముందు ఎడమ చక్రం దగ్గరకొచ్చేసరికి ఎలెన్ కీ జారింది. గట్టిగా పట్టాయి. తుప్పనుకున్నాను. సోల్డరింగ్ గన్‌తో స్క్రూ తల వేడి చేసి మళ్ళీ తిప్పితే కిర్రుమని వచ్చింది. స్క్రూని వెలుగులో పెట్టి చూశాను. మరల మధ్య నీలం పొడి.

నేను ఆ చక్రాలకి నీలం మందు ఎప్పుడూ వెయ్యలేదు. ఆ సీసా నాకెవరిచ్చారు?

పన్నెండూ నీలమే. రింగులు తీసి, టైరు వలిచి, పొడిరాలుతున్న స్పాంజిని చేత్తో లాగేశాను. డ్రమ్ము చుట్టూ నేను అతికించిన బిళ్ళలున్నాయి, పన్నెండు, కొంచెం వంకర వరస. వాటి మీద ఇంకో వరస. తిన్నగా, సమానమైన ఎడంతో, రెండు వైపులా సరిగ్గా పంచి, పైన మాస్కింగ్ టేపుతో చుట్టి. లెక్కపెడితే పది. టేపు మీద పెన్సిలుతో చిన్నగా "+50" అని ఉంది. ఐదు మీద గీత విడిగా, టోపీ పెట్టినట్టు. మా ఇంట్లో ఐదుని అలా రాసేది ఒక్కరే. కుడి చక్రం విప్పాను. అక్కడా అంతే.

టేపు ముక్క వేలి కొసకి అంటించుకుని వెళ్ళాను. నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన కళ్ళజోడు ముందు పెట్టి, "ఇదేంటి నాన్నా?" అన్నాను.

చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"బ్యాలెన్సింగ్‌కి వేసుంటాను" అన్నాడు.

"మనిషి నడకంత వేగం లేని బండికా?"

పేపరు పైకెత్తుకున్నాడు. "ఆ స్క్రూలకి మళ్ళీ నీలం మందు వెయ్యి, సీసా సొరుగులో ఉంది. తాళం లేదులే."

లోపల్నుంచి అమ్మ కేకేసింది, అంతసేపటి నుంచి ఏం చేస్తున్నారక్కడ, పిల్ల ఏం మింగేస్తుందో చూసుకోండి అని. "ఏం లేదమ్మా, స్పాంజి పాడైంది" అన్నాను. నాన్న పేపరు పేజీ తిప్పాడు.

కొత్త స్పాంజి కోసి, రెండు వరసల బిళ్ళల మీదా మళ్ళీ టేపు చుట్టి, టైరు తొడిగాను. పిల్ల గిన్నెలోంచి ఒక్కో స్క్రూ తీసి నా చేతిలో పెడుతోంది. రెండోది పెట్టగానే పక్క రంధ్రం చూపించింది. అది కాదు, ఎదురుగా ఉన్నదని చెప్పాను.